వెయ్యి కార్డులు అచ్చు వేయించే ముందు

మోటారు వైండింగ్ పని నేర్చుకున్న మా పాత విద్యార్థి ఒకడు దమ్మపేట సెంటర్‌లో కలిసి, జేబులోంచి కొత్త విజిటింగ్ కార్డు తీసి ఇచ్చాడు. చూడముచ్చటగా ఉంది. ఇంటికి వచ్చి ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఎవరో వేరేవాళ్లు ఎత్తారు. చివర 69 ఉండాల్సిన చోట 96 పడింది. అప్పటికి నెల రోజులుగా పామాయిల్ తోటల రైతులకు అవే కార్డులు పంచుతున్నాడు. అడిగితే, "ప్రూఫ్ వాట్సాప్‌లో పంపారు సార్, నేను చూడకుండానే ఓకే అన్నాను" అన్నాడు. కార్డులకు పెట్టిన డబ్బు ఒక ఎత్తు, ఆ నెలలో రాకుండా పోయిన పని మరో ఎత్తు.

మీలో చాలామందికి సొంత వ్యాపారాలున్నాయి. ఒక పేద కుటుంబానికి కుట్టుమిషనో, పనిముట్ల పెట్టో కొనిచ్చినవారూ ఉన్నారు. పనిముట్లు ఇచ్చిన తర్వాత ఆ ఇంటికి పని వెతుక్కుంటూ రావాలంటే ఒక నంబరు నలుగురి జేబుల్లోకి చేరాలి. అందుకే కార్డు చిన్నదే అయినా దాన్ని ఎవరి చేత అచ్చు వేయించాలో కాస్త ఆలోచించడం మంచిది.

ముందుగా, ఎన్ని కార్డులు కావాలో తేల్చుకోండి. ఆఫ్‌సెట్ అచ్చులో నాలుగు రంగులకు నాలుగు ప్లేట్లు తయారు చేయాలి. వంద వేసినా, వెయ్యి వేసినా ఆ ప్లేట్ల ఖర్చు ఒకటే. కాబట్టి వెయ్యి వేయిస్తేనే ఒక్కో కార్డు చవకగా పడుతుంది. డిజిటల్ యంత్రానికి ప్లేట్లు అక్కరలేదు. వందే కావాలన్నా వేసి ఇస్తారు, కార్డుకు ధర మాత్రం ఎక్కువ. కొత్తగా పని మొదలుపెట్టినవారు మొదట వంద డిజిటల్‌లో వేయించుకొని, రెండు మూడు నెలలు వాడి చూసి, తర్వాత వెయ్యికి వెళ్లడమే మేలు. అంగడి మారవచ్చు, ఫోన్ నంబరు మారవచ్చు. మన ఊరే చూడండి. 2014 జూన్ 2న రాష్ట్రం మారింది. 2016 అక్టోబర్ 11న ఖమ్మం జిల్లా నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చాం. ఆ రెండుసార్లూ పాత చిరునామా ఉన్న కార్డులు పనికిరాకుండా పోయాయి.

రెండోది, అచ్చు వేసేది ఎవరో అడగండి. చిన్న ఊళ్లలో చాలా డీటీపీ సెంటర్లు డిజైన్ మాత్రమే చేసి, అచ్చుకు పెద్ద ఊరికి పంపుతాయి. అక్కడ ఒకే పెద్ద షీటు మీద పదిమంది కార్డులు కలిపి వేస్తారు. చవక అందువల్లే. అయితే మీ ఒక్కరి కోసం రంగు సరిచేయడం అందులో కుదరదు. కంప్యూటర్ తెర మీద మెరిసిన ఆకుపచ్చ కాగితం మీద కాస్త మందంగా కనిపించడం మామూలే. ఇది తప్పు కాదు గానీ ముందే తెలుసుకోవాలి. తప్పు దొర్లితే మళ్లీ వేసి ఇచ్చేది ఎవరు, డీటీపీ వారా, ప్రెస్ వారా? ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పేవారి దగ్గరికే వెళ్లండి.

మూడోది కాగితం. జిరాక్స్ కాగితం 70, 80 జీఎస్ఎమ్ ఉంటుంది. కార్డుకు 300 నుంచి 350 ఉంటే చేతిలో నిలుస్తుంది. అంకె విని సరిపెట్టుకోకుండా, వాళ్లు అంతకుముందు వేసిన కార్డులు నాలుగు అడిగి తీసుకొని వంచి చూడండి, అంచుల కటింగ్ చూడండి. మెకానిక్ చేతికి నూనె అంటుతుంది కాబట్టి లామినేషన్ మంచిది. టైలరు కార్డు వెనుక బట్టలిచ్చే తేదీ రాస్తాడు. మెరిసే లామినేషన్ మీద పెన్ను పడదు. కాబట్టి వెనుక వైపు వదిలేయమని చెప్పాలి. అలా ఒకే వైపు లామినేషన్ చేసినప్పుడు కాగితం పలుచగా ఉంటే కార్డు వంకర తిరుగుతుంది. అక్కడ మందం కాగితమే తీసుకోవాలి.

నాలుగోది భాష. తెలుగు అక్షరాలు ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి మారేటప్పుడు వత్తులు విడిపోతుంటాయి. దమ్మపేట కాస్తా 'దమ్‌మపేట' అవుతుంది, సత్తుపల్లి 'సత్‌తుపల్‌లి' అవుతుంది. ఉర్దూ అయితే అక్షరాలు విడివిడిగా, ఎడమ నుంచి కుడికి తిరగబడి పడవచ్చు. ఉర్దూ రాని ఆపరేటర్‌కు ఆ తప్పు కనిపించదు. హైదరాబాద్ పాతబస్తీలోని ఛత్తాబజార్ పెళ్లి కార్డులకు, ఉర్దూ అచ్చుకు పేరు పొందింది. ఒకప్పుడు అక్కడ కాతిబ్‌లు చేత్తో రాసిచ్చేవారు. కంప్యూటర్లు వచ్చాక ఆ పని చాలా తగ్గింది. అక్కడ వేయించినా, ఇక్కడ వేయించినా ఉర్దూ చదవగలిగినవారికి ఒకసారి చూపించాలి. మహమ్మద్, ముహమ్మద్, మొహమ్మద్ అని రకరకాలుగా రాస్తుంటాం. బ్యాంకు ఖాతాలో ఎలా ఉందో కార్డు మీదా అలాగే ఉంటే, డబ్బు పంపేవారికి అనుమానం రాదు.

ఇంకొక మాట. బరకత్ కోసం కార్డు పైన బిస్మిల్లా వేయించాలని కొందరికి ఉంటుంది. కానీ కార్డు జేబులో నలుగుతుంది, రోడ్డు మీద పడుతుంది, చెత్తబుట్టలోకి పోతుంది. ఆ మాటను అంగడి గోడ మీద అదబుగా ఉంచుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

చివరిది ప్రూఫ్. ఫోన్ తెర మీద చూసి ఓకే అనవద్దు. ఒక కాపీ కాగితం మీద తీయించుకోండి. నంబరును ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు ఒక్కో అంకె సరిచూడాలి. ఆ తర్వాత కాగితం మీదున్న నంబరు చూసే ఫోన్ చేయండి. మీ ఫోన్ మోగాలి. క్యూఆర్ కోడ్ ఉంటే స్కాన్ చేసి, మీ పేరే వస్తోందో లేదో చూడండి. అన్నీ సరిపోయాక ఆ కాగితం మీద సంతకం, తేదీ వేసి, ఒక ఫోటో తీసి పెట్టుకోండి. రేపు ఏదైనా తేడా వస్తే అదే సాక్ష్యం.

మా విద్యార్థి తర్వాత వంద కార్డులే వేయించుకున్నాడు. ప్రూఫ్ పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. అంకెలు నేను చదివాను, వాడు సరిచూశాడు. ఐదు నిమిషాల పని. మీరు ఈసారి ఎవరికైనా పనిముట్లు కొనిచ్చేటప్పుడు వంద కార్డులకు కూడా కాస్త డబ్బు కలపండి. వీలైతే ఆ ఐదు నిమిషాలు పక్కన కూర్చోండి. చదువు సరిగా రాని ఇంటికి డబ్బు కంటే ఆ సాయమే ఎక్కువ పనికొస్తుంది.