క్లచ్ లేని కారు ఆగితే ట్రాక్టర్‌కు కట్టొద్దు

మాక్లూర్: నిజామాబాద్, ఆర్మూర్‌ల నడుమ ఉన్న ఈ మండలంలో దారిలో బండి ఆగిపోతే ఎవరికైనా తోచే మొదటి ఉపాయం ఒక్కటే. ట్రాక్టర్ తేవాలి, మోకు కట్టాలి, షెడ్డు దాకా గుంజుకుపోవాలి. క్లచ్, గేర్లు ఉన్న జీపులకు, కార్లకు ఇన్నేళ్లుగా ఈ ఉపాయం బాగానే పనికొచ్చింది. ఎడమకాలికి పనిలేని ఆటోమేటిక్ కార్లకు మాత్రం ఇదే గండం. చిన్న లోపంతో ఆగిన బండి, షెడ్డుకు చేరేసరికి గేర్‌బాక్సే చెడిన బండిగా మారే ప్రమాదముంది.

మన జిల్లా నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారు ఎందరో పాఠకులకు తెలియంది కాదు. అక్కడి కార్లలో అత్యధికం ఆటోమేటిక్‌లే. దుబాయిలో ఆటోమేటిక్ బండి మీద పరీక్ష పాసైనవారికి అలాంటి బండి నడిపేందుకే లైసెన్సు ఇస్తారు. గేర్ల బండి ముట్టుకునే వీలుండదు. అలా అలవాటు పడినవారు ఇల్లు చేరాక కూడా ఆటోమేటిక్‌నే కోరుకోవడం సహజం. పసుపు అమ్మిన డబ్బుతో కొత్త బండి కొనేవారు కొందరైతే, పాత బండిని బేరమాడేవారు మరికొందరు. ఎవరి డబ్బయినా కష్టార్జితమే గనుక, ఆ బండి కడుపులో ఏముందో కొంత తెలుసుకోవడం మంచిది.

ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు

రెండు టేబుల్ ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టి ఒకదానికే కరెంటు ఇస్తే, దాని గాలికి రెండోది కూడా తిరుగుతుంది. టార్క్ కన్వర్టర్ పని దాదాపు ఇంతే. గాలికి బదులు ఆయిల్ ఉంటుంది. గుమ్మడికాయంత ఇనుప డబ్బాలో ఒక రెక్కల చక్రం ఇంజిన్‌తోపాటు తిరిగి ఆయిల్‌ను విసురుతుంది. ఆ తాకిడికి రెండో చక్రం తిరిగి గేర్‌బాక్స్‌ను తిప్పుతుంది. బ్రేకు తొక్కి బండి నిలిపినా ఇంజిన్ ఆగిపోకపోవడానికి కారణం, రెండింటి మధ్య ఆయిలే తప్ప ఇనుప పట్టు లేకపోవడం.

నడుమ స్టేటర్ అనే మూడో చక్రం ఉంటుంది. కాలువ నీటిని కట్టవేసి మళ్లించినట్టు ఇది తిరిగివచ్చే ఆయిల్‌ను మళ్లించి, బండి కదిలేటప్పుడు ఇంజిన్ బలాన్ని దాదాపు రెట్టింపు చేస్తుంది. జర్మనీ ఇంజనీరు హెర్మన్ ఫొట్టింగర్ 1905లో దీనికి పేటెంట్ తీసుకున్నది కార్ల కోసం కాదు, ఓడల కోసం. అమెరికాలో బ్యూక్ కంపెనీ 1948లో కార్లలోకి తెచ్చింది.

ఆయిల్ ద్వారా నడిచేటప్పుడు కొంత బలం వేడిగా వృథా అవుతుంది. అందుకే ఇప్పటి కన్వర్టర్ల లోపల లాకప్ క్లచ్ పెడుతున్నారు. బండి వేగం అందుకున్నాక ఇది రెండు చక్రాలను కలిపి పట్టేస్తుంది.

ఎక్కువగా జబ్బు మొదలయ్యేది ఇక్కడే. ఆ క్లచ్ పూత అరిగినా, ఆయిల్ పాతబడినా, పట్టు జారుతూ పట్టుతూ ఉంటుంది. నిదానంగా పోతూ యాక్సిలరేటర్ మీద కాలు తేలికగా ఉంచినప్పుడు, రోడ్డు మీది వరుస గీతల మీదుగా పోతున్నట్టు బండి సన్నగా వణుకుతుంది. స్టేటర్ లోపలి పట్టు చెడితే బండి నిలిచినచోటు నుంచి లేవడానికి బరువెక్కుతుంది. బేరింగు అరిగితే గేరులో ఉండగా కూత వినిపిస్తుంది. సీలు పోతే ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసేచోట కింద ఆయిల్ మరక కనిపిస్తుంది. ఇది చాలా బండ్లలో ఎర్రగా ఉంటుంది.

వణుకు కనబడగానే గేర్‌బాక్స్ దింపించనక్కరలేదు. పెట్రోలు బండిలో స్పార్క్ ప్లగ్గులు చెడినా అచ్చం ఇలాగే వణుకుతుంది. ముందు వాటిని, తర్వాత ఆయిల్‌ను చూపించాలి. పూత మిగిలి ఉంటే సరైన ఆయిల్ మార్చడంతోనే వణుకు పోయే సందర్భాలున్నాయి. అలక్ష్యం చేస్తే మాత్రం అరిగిన పూత పొడి ఆయిల్‌తో కలిసి గేర్‌బాక్స్ సన్నని దారుల్లోకి, కూలర్‌లోకి చేరుతుంది. అప్పుడు కన్వర్టర్ ఒక్కటే మార్చి కూలర్ కడగకుండా వదిలేస్తే, కొత్తదానికీ పాతదాని గతే.

ఇక ట్రాక్టర్ సంగతి. గేర్‌బాక్స్ అంతటికీ ఆయిల్ తోడే పంపును తిప్పేది కన్వర్టరే. ఇంజిన్ ఆగితే పంపు ఆగుతుంది. ఆ స్థితిలో బండిని లాగితే చక్రాలతోపాటు లోపలి గేర్లు తిరుగుతూనే ఉంటాయి గాని వాటికి ఆయిల్ అందదు. నీళ్లు లేని మోటారు తిప్పితే ఏమవుతుందో రైతుకు చెప్పనక్కరలేదు. నెట్టి స్టార్టు చేయడం కూడా ఇందుకే కుదరదు. బండిని పూర్తిగా లారీ మీదికి ఎక్కించడం క్షేమం. లేదా ఇంజిన్ బలం అందే చక్రాలను నేలకు తగలకుండా ఎత్తాలి. చాలా చిన్న కార్లలో అవి ముందువి, 2016లో వచ్చిన ఇన్నోవా క్రిస్టాలో వెనుకవి. కొన్ని కంపెనీలు కొద్ది దూరం, తక్కువ వేగంతో లాగవచ్చని బండి పుస్తకంలో రాస్తాయి. పుస్తకం చూడకుండా మాత్రం మోకు తీయవద్దు.

నల్లరేగడిలో దిగబడితే

పొలం బాటలో చక్రం దిగబడినప్పుడు యాక్సిలరేటర్‌ను అదేపనిగా తొక్కడం మరో పొరపాటు. చక్రం కదలనప్పుడు ఇంజిన్ బలమంతా ఆయిల్‌లోనే వేడిగా మారుతుంది. మాడిన ఆయిల్ నల్లబడి కమురు వాసన వేస్తుంది. కొద్దిసేపు ప్రయత్నించి ఆపాలి, చక్రం కింద కంకరో కట్టెలో వేయాలి. బండి కదులుతుండగానే డి నుంచి ఆర్‌కు మార్చడం, ఎత్తు మీద బ్రేకుకు బదులు యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టడం కూడా చేటే.

ఆయిల్ దగ్గర మన ఊళ్లలో ఇంకో అలవాటుంది. ఇంట్లో ట్రాక్టర్ ఆయిల్ డబ్బా ఉంటే అదే పోసేద్దామనుకుంటారు. వద్దు. కంపెనీ చెప్పిన రకమే పోయాలి. సివిటి బండి ఆయిల్ కూడా వేరే. అసలు ఆయిల్ మార్చే పనే లేదని కొన్ని కంపెనీలు చెబుతున్నా, గేర్‌బాక్సులు తయారుచేసే జర్మనీ సంస్థ జెడ్ఎఫ్ తన వాటికి 80 వేల నుంచి 1,20,000 కిలోమీటర్ల లోపు లేదా 8 ఏళ్లకు మార్చమంటోంది. తయారుచేసినవాడి మాటకే విలువ ఇవ్వడం మంచిదని మా అభిప్రాయం.

అన్ని ఆటోమేటిక్‌లలోనూ కన్వర్టర్ ఉండదన్నది కొనేవారు గమనించాలి. 2014లో మారుతి సెలెరియోతో మన దేశంలో మొదలైన ఎఎంటి రకంలో మామూలు క్లచ్ ప్లేటే ఉంటుంది, దాన్ని తొక్కే పని యంత్రం చేస్తుంది. వీటిలో చాలావాటికి గేరు కడ్డీ దగ్గర ‘పి’ అక్షరం ఉండదు. ‘పి’ ఉంటే టార్క్ కన్వర్టర్ కావచ్చు, సివిటి కావచ్చు, రెండు క్లచ్‌ల రకం కావచ్చు. అమ్మేవారిని అడిగి, పుస్తకంలో చూసి తేల్చుకోవాలి.

పాత బండి చూసేటప్పుడు ఊరి వీధిలో ఒక చుట్టు తిరిగి బేరం కుదుర్చుకోవద్దు. ఇంజిన్ బాగా వేడెక్కేదాకా ఆర్మూర్ రోడ్డు మీద అరగంట నడపాలి, వణుకు ఉంటే అప్పుడే బయటపడుతుంది. ఇప్పటి బండ్లలో చాలావాటికి గేర్‌బాక్స్ ఆయిల్ చూసే పుల్ల ఉండదు గనుక, షెడ్డులో కొద్దిగా ఆయిల్ తీయించి చూడాలి. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి వైపు వచ్చిన వరద వంటివాటిలో మునిగిన బండి గేర్‌బాక్స్‌లోకి నీళ్లు చేరితే, ఆయిల్ పాలు కలిపినట్టు గులాబీ రంగుకు తిరుగుతుంది. నీళ్లు తగిలిన క్లచ్ పూత ఉబ్బి ఊడిపోతుంది. ఆ రంగు కనబడితే ఎంత తగ్గించి ఇస్తామన్నా ఆ బండి జోలికి వెళ్లకూడదు.