ఒకే రూపపు దోమలు, వేరు వేరు జాతులు

1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ ఒక దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనినపుడు ఆ దోమ ఏ జాతిదో ఆయనకు తెలియదు. రెక్కలపై మచ్చలున్న దోమ అని మాత్రమే గుర్తించెను. నాటికి ఆ గుర్తు చాలినది. నేడు మన సముద్రతీరమున ఆ గుర్తుతో పని సాగదు.

నెల్లూరు తీరమున ఒక ప్రక్క ఉప్పుటేరులు, బకింగుహాము కాలువ, ఉప్పుమడులు, రొయ్యల గుంటలు. మరియొక ప్రక్క పెన్న నీటితో పండు వరిమడులు. ఇట్టి చోట్ల పశువుల కొట్టములలో గుంపులుగా వ్రాలు దోమ అనాఫిలిస్ సబ్‌పిక్టస్. ఇది మనిషికంటె పశువునే ఎక్కువగా కోరును. అందుచేత చాలకాలము దీనిని నిరపాయమైన దానిగానే ఎంచిరి. కాని ఈ పేరుతో పిలువబడునది ఒక జాతి కాదు. కంటికి ఒకే తీరుగా కనబడు నాలుగు సోదర జాతులు. వాటిని ఎ, బి, సి, డి అందురు. వీటిలో బి ఉప్పునీటిలో పెరుగును. తీరపు పల్లెలలో మలేరియాను మోయునదిగా అనుమానింపబడినది ఇదియే.

వేరుచేయకున్న నష్టమేమి? ఒక లెక్క వేసి చూతము. వేయి దోమలను పట్టితిమనుకొందము. అందు 950 మంచినీటివి, 50 ఉప్పునీటివి. ఉప్పునీటి దోమలు రెండింటిలో మలేరియా క్రిమి కనబడినది. అన్నింటిని కలిపి లెక్కించినచో వేయికి రెండు, ఉపేక్షింపదగినదే అనిపించును. విడదీసి చూచినచో నూటికి నాలుగు! మందు వరిమడిలో చల్లవలెనా, ఉప్పునీటి గుంటలోనా అనుట దీనిపై ఆధారపడును. రొయ్యల గుంటలో దోమలమందు చల్లినచో రొయ్యకును ముప్పే కనుక, ఊహపై చల్లుటకు వీలులేదు.

గుర్తు దోమపై లేదు, దాని గ్రుడ్డుపై ఉన్నది. అనాఫిలిస్ గ్రుడ్డు చిన్న పడవవలె నుండి, ఇరుప్రక్కల గాలితెప్పలతో నీటిపై తేలును. తెప్పపై అడ్డముగా గట్లుండును. పుదుచ్చేరి శాస్త్రజ్ఞులు 1994లో ప్రకటించిన లెక్క ప్రకారము ఎ జాతికి 31 మొదలు 36 గట్లు, సి జాతికి 25 మొదలు 29, డి జాతికి 21 మొదలు 24, బి జాతికి 16 మొదలు 20. గ్రుడ్లతో నిండిన ఆడుదోమను తడికాగితమున్న గొట్టములో ఉంచి, అది గ్రుడ్లు పెట్టిన పిదప సూక్ష్మదర్శినితో ఈ గట్లను లెక్కింపవచ్చును. ఓపిక కావలెను, అంతే.

ఇచ్చట కథ మరియొక మలుపు తిరిగినది. ఒకప్పుడు చిలుకా సరస్సు ప్రాంతమున మలేరియాకు పేరుమోసిన సండేకస్ అను మరొక ఉప్పునీటి దోమ కలదు. కాళ్లపై తెల్లని చుక్కలుండుటచే దానిని సులువుగా పోల్చవచ్చునని గ్రంథములు చెప్పును. కాని శ్రీలంక తీరమున బి జాతిగా ఎంచిన దోమల డి.ఎన్.ఎ.ను 2010 ప్రాంతమున పరీక్షింపగా, అందు పెక్కు సండేకస్ అని తేలినది. చుక్కలు, గట్లు రెండును పరిశోధకులను తప్పుదారి పట్టించినవన్నమాట. గట్ల లెక్కను పారవేయనక్కరలేదు గాని, దానినే తుది తీర్పుగా కొనరాదని నా అభిప్రాయము.

డి.ఎన్.ఎ. పరీక్షకు దోమకాలు ఒకటి చాలును. తలను, రొమ్మును విడిగా ఉంచి మలేరియా క్రిమికై వెదకవచ్చును. అప్పుడు జాతియు, రోగమును ఒకే దోమలో తెలియును.