గాజుతొట్టెలో సముద్రము

సముద్రుడు మేర దాటడని మన పెద్దలందురు. ఆ మాట ఒడ్డును గూర్చియే కాదు, నీటిని గూర్చియు చాలవరకు నిజమే. మన బంగాళాఖాతమువలె మహానదులు కలియు చోట్ల కొంత తగ్గునుగాని, మహాసముద్రమున లీటరు నీటికి సుమారు 35 గ్రాముల లవణముండును. అట్టి నిలుకడకు తరతరములుగా అలవాటుపడిన చేపను తెచ్చి 100 లీటర్ల గాజుతొట్టెలో విడిచిననాడు, ఆ మేరను కాపాడు భారము సముద్రునినుండి గృహస్థునిపై బడును. చేపను పెంచుట యనగా నిజమునకు నీటిని కాపాడుటయే.

ఈ భారమును తొలుత మోసినవారిలో అన్నా థిన్ అను ఆంగ్లవనిత యొకరు. 1846లో ఆమె టార్క్వే తీరమునుండి పగడపు జీవులను లండనునకు కొనిపోయెను. అచ్చట నిత్యము క్రొత్త సముద్రజలము దొరకదు. అందుచే ఉన్న నీటినే తెరచిన కిటికీయొద్ద ఒక పాత్రనుండి వేరొక పాత్రలోనికి పలుమార్లు పోయించి, గాలి సోకునట్లు చేసెను. పిదప సముద్రపు నాచును చేర్చెను. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో ప్రజలకొరకు అక్వేరియము వెలసెను.

గాలి, నాచుల మేలు నాటివారు గుర్తించిరి. కంటికగపడని మరియొక సహాయము సంగతి తరువాత తెలియవచ్చెను. చేప విసర్జించు మలినమునుండియు, తినక మిగిల్చిన మేతనుండియు అమ్మోనియా పుట్టును. అది విషము. ఒక జాతి బాక్టీరియా దానిని నైట్రైటుగా మార్చును; అదియు విషమే. వేరొక జాతి దానిని నైట్రేటుగా మార్చును. ఇది కొంత సాధువు. నేలలో ఇట్టి పని చేయు జీవులను రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ 1890లో వేరుపరచెను. సముద్రజలమున క్షారగుణము హెచ్చగుటచే అమ్మోనియా విషము అందు మరింత తీవ్రము.

ఈ జీవులు ఇసుకపైనను, రాళ్లపైనను స్థిరపడుటకు సాధారణముగా నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. కాని క్రొత్త తొట్టెలో నీరు కొలది దినములలోనే తేటపడును. ఆత్రగాడు అది చూచి చేపలను విడుచును. అవి త్వరలోనే చచ్చి తేలును. తేటనీరు వేరు, మేలునీరు వేరు. చేప లేకుండగనే చిటికెడు మేత వేయుచు నీటిని పరీక్షింపవలెను. అమ్మోనియా, నైట్రైటు పుట్టి, పెరిగి, మరల సున్నకు దిగిన పిదపనే తొలిచేపకు చోటు.

రెండవ చిక్కు ఉప్పుది. నీరు ఆవిరియగును, ఉప్పు కాదు. విద్యార్థులు లెక్క వేసి చూడవచ్చును. 100 లీటర్ల నీటిలో 3,500 గ్రాముల లవణమున్నది. 10 లీటర్లు ఆవిరియైనచో అంత ఉప్పును 90 లీటర్లలోనే మిగులును. లీటరునకు దాదాపు 39 గ్రాములగును. ఆ లోటును ఉప్పునీటితో పూరించినచో లవణము పేరుకొనుచునే యుండును. క్లోరిను తొలగించిన మంచినీటితోనే పూరింపవలెను. కడలికి మేఘుడు చేయు పనియు ఇదియే కదా!

ఈ జాగ్రత్త ఏల? సముద్రపు చేప దేహములోని నీరు చుట్టునున్న ఉప్పునీటిలోనికి ఎడతెగక జారిపోవుచుండును. అది ఉప్పునీటినే త్రాగి, అదనపు ఉప్పును మొప్పలద్వారా వెలిబుచ్చుచు బ్రతుకును. కడలిలోనుండియు దాహముతో పోరాడు ప్రాణి యది! ఉప్పు హెచ్చినకొలది దాని పోరాటము హెచ్చును.

ఉష్ణమండలపు చేపలకు 24 మొదలు 27 డిగ్రీల వేడిమి తగును. నీరు వేడెక్కినకొలది అందు కరగియుండు ప్రాణవాయువు తగ్గును. కనుక మన వేసవిలో నీటిని చల్లబరచు ఏర్పాటు తప్పదు. రెండు వారములకొకమారు పదింట ఒక వంతు నీటిని తీసి, అక్వేరియమునకై తయారుచేసిన లవణము కలిపిన క్రొత్త నీటిని పోయవలెను. వంటింటి ఉప్పు పనికిరాదు. వడపోత స్పంజిని కుళాయినీట కడిగినచో, మేలుచేయు జీవులు క్లోరినుచే నశించును. తొట్టెనుండి తీసిన నీటిలోనే దానిని జాడింపవలెను.

అలంకారమునకై అమ్ముడగు సముద్రపు చేపలలో పెక్కింటిని నేటికిని పగడపు దిబ్బలనుండియే పట్టి తెచ్చుచున్నారు. మన తొట్టెలో చచ్చిన చేపకు బదులు మరియొక చేపను తెచ్చుట యనగా, సముద్రమునకు మరియొకటి లోటు చేయుటయే. పాఠశాలలో తొట్టె నుంచదలచిన ఉపాధ్యాయులు వేసవి సెలవులలో దానిని చూచువారెవరో ముందే నిర్ణయించుకొందురుగాక. తొలి నెల చేప లేని నీటినే పిల్లలచే పరీక్షింపజేసి, అంకెలు వ్రాయింపుడు. ఆ నెల ఓపిక పట్టలేని చేతికి ప్రాణిని అప్పగింపరాదు.