ఆడవాళ్ళ పెట్టె

మా కాలేజీలో మొదటి పీరియడు తెలుగు. దానికి వరుసగా వారం రోజులు ఆలస్యంగా వచ్చిన ఒక అమ్మాయిని మొన్న ఒకనాడు గుమ్మంలోనే నిలబెట్టి అడిగాను.

"ఏమమ్మా, ఏడున్నర పాసింజరుకు బయలుదేరితే తీరికగా అందుకోవచ్చు గదా! పొద్దున్నే లేవడం అంత కష్టంగా ఉన్నదా?"

ఆ అమ్మాయి తల వంచుకొని, "రోజూ ఆ వేళకే స్టేషనుకు వస్తున్నాను మేడం. ఆ బండి ఎక్కడం లేదు" అన్నది.

"ఎందుకని?"

"ఆడవాళ్ళ పెట్టె ఖాళీగా ఉంటోంది మేడం."

క్లాసంతా గొల్లుమన్నది. పెట్టె కిక్కిరిసి ఉండి ఎక్కలేకపోయానంటే అర్థమున్నది గాని, ఖాళీగా ఉన్నదని బండి వదులుకొనేవాళ్ళు ఎక్కడైనా ఉంటారా! నేనూ నవ్వాను. బస్సుల్లోనూ రైళ్ళలోనూ వచ్చే ఆడపిల్లలు మాత్రం నవ్వలేదు. ఆ సంగతి సాయంకాలం ఇంటికి చేరేదాకా నాకు తట్టనే లేదు.

నేను ఉండేదీ ఆ దారిలోని ఊరే. ఏళ్ళ తరబడి బస్సుకు అలవాటుపడి రైలు మాట మరచిపోయాను. మర్నాడు ఆ పాసింజరుకే వెళ్ళాను. ఆడవాళ్ళ పెట్టె బండికి చిట్టచివర, ప్లాట్‌ఫారం కప్పు దాటిన తరువాత ఎక్కడో ఆగింది. లోపల కూరగాయల గంపలతో ముగ్గురు ఆడవాళ్ళున్నారు. "రండమ్మా, ఇట్లా కూర్చోండి" అని చోటిచ్చారు. రెండో స్టేషనులో వాళ్ళు గంపలు దింపుకొని వెళ్ళిపోయారు. ఆ అమ్మాయి ఎక్కవలసిన స్టేషను అదే. పెట్టెలో నేనొక్కదాన్నే మిగిలాను. కదిలే బండిలోకి ఒక మగమనిషి ఎక్కాడు.

అతను నన్ను పల్లెత్తు మాట అనలేదు. తలుపు దగ్గర నిలబడి ఒకటి రెండుసార్లు నావైపు చూశాడు, అంతే. ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నదాన్ని, నలభై అయిదేళ్ళదాన్ని, గొడుగు గట్టిగా పట్టుకొని, లాగవలసిన గొలుసు ఎంత దూరంలో ఉన్నదో చూసుకొంటూ కూర్చున్నాను. పక్క పెట్టెలోకి పోదామంటే లోపలినుంచి దారి లేదు. తరువాతి స్టేషనులో గబగబ దిగి, జనమున్న పెట్టె ఎక్కాను. అక్కడొక పెద్దమనిషి, "మీకు వేరే పెట్టె ఉన్నది గదమ్మా, మా మధ్య ఇరుక్కోవడం ఎందుకు?" అన్నాడు. ఆయన మంచికే అన్నాడు. కాని నేను కొన్న టిక్కెట్టు ఒక్క పెట్టెకే చెల్లుతుందన్నట్టు వినిపించింది నాకు.

ఈ ఆడవాళ్ళ పెట్టె నిన్న మొన్నటిది కాదు. 1890 నాటి రైల్వే చట్టం, 1891 జనవరి 1 నుంచి ప్రయాణీకుల బండి ప్రతిదానిలోనూ అన్నిటికంటె తక్కువ తరగతిలో ఒక పెట్టె అయినా ఆడవాళ్ళకే విడిగా ఉంచాలన్నది. బండి యాభై మైళ్ళకు మించి పోయేదైతే ఆ పెట్టెలో మరుగుదొడ్డి కూడా ఉండాలన్నది. ఆ చట్టం పోయి 1989లో కొత్త చట్టం వచ్చినా ఆడవాళ్ళకు విడిగా చోటు ఉంచాలన్న నియమం నిలిచే ఉన్నది. ఘోషా నాటి ఏర్పాటు ఈ కాలానికి ఎందుకని కొందరంటారు. రద్దీలో ఒళ్ళు రాసుకొంటూ పోయే చేతుల బాధ తెలిసిన ఏ ఆడదీ ఆ మాట అనదు. ఎంతో ముందుకు పోయిన జపాను దేశంలో కూడా టోక్యో రైళ్ళలో రద్దీ వేళలకు ఆడవాళ్ళ పెట్టెలు పెట్టవలసి వచ్చింది. ఢిల్లీ మెట్రోలో 2010 అక్టోబరు 2 నుంచి మొదటి పెట్టె ఆడవాళ్ళది.

అయితే బోర్డు ఒక్కటే కాపాడుతుందా? 2025 ఫిబ్రవరి 6న కోయంబత్తూరు నుంచి తిరుపతి వచ్చే ఇంటర్‌సిటీ బండిలో ఒక గర్భిణి ఆడవాళ్ళ పెట్టెలోనే ప్రయాణం చేస్తున్నది. జోలార్‌పేటలో తోటి ఆడవాళ్ళు దిగిపోయారు. ఆమె ఒంటరిగా ఉండటం చూసి ఒకడు ఆ పెట్టెలో చొరబడ్డాడు. ఆమె ఎదిరిస్తే నడుస్తున్న బండిలోనుంచి తోసివేశాడు. ఆమె బతికింది, కడుపులోని బిడ్డ దక్కలేదు. వాడికి కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. ఆమె ఎక్కవలసిన పెట్టెలోనే ఎక్కింది. ఆమెవల్ల జరిగిన పొరపాటు ఏమున్నది?

బొంబాయి సంగతి చూడండి. 1992 మే 5న చర్చిగేటు నుంచి బొరివలికి మొత్తం ఆడవాళ్ళకే ఒక లోకల్ బండి వేశారు. అక్కడి ఆడవాళ్ళ పెట్టెల్లో ఉద్యోగాలనుంచి తిరిగి వచ్చే ఇల్లాళ్ళు రాత్రి వంటకు కూరలు తరుక్కొంటారు, కబుర్లు చెప్పుకొంటారు, పండుగలు చేసుకొంటారు. అక్కడ పెట్టె నిండా మనుషులున్నారు. జనం పలచబడే రాత్రివేళ పోలీసును కూడా ఎక్కిస్తారు. మన దగ్గర తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు వంటి బస్సుల్లో ఆడవాళ్ళకు చార్జీ లేదు. ముందు సీట్లకే పరిమితమైన ఆడవాళ్ళు ఇప్పుడు వెనక సీట్లదాకా కూర్చొంటున్నారు. సీటు లేదన్న సణుగుడు ఉంటే ఉండనీండి, నలుగురాడవాళ్ళున్న బస్సులో అయిదో ఆమెకు ధైర్యం.

చేనుకు కంచె వేస్తే చాలదు, మంచె మీద మనిషి కూడా ఉండాలి. ఆడవాళ్ళ పెట్టెను బండి చివరినుంచి తెచ్చి నడుమ, దీపాలూ జనమూ ఉండే చోట ఆగేటట్టు పెట్టాలి. పక్క పెట్టెలోకి దారి ఉండాలి. తెల్లవారుజామునా రాత్రివేళా కాపలా ఉండాలి. ఆపదలో 139కి ఫోను చేయవచ్చునని ఇంట్లో పిల్లలందరికీ తెలియాలి. ఇవి పైవారు చేయవలసినవీ, మనం తెలుసుకోవలసినవీ.

మన ఇంట్లో కావలసింది మరొకటున్నది. ఆడపిల్ల బయలుదేరితే ఏ పెట్టె ఎక్కాలో, ఎక్కడ కూర్చోవాలో పదిసార్లు చెబుతాం. మగపిల్లవాడికి ఒక్కసారయినా ఏమయినా చెబుతున్నామా? ఆడవాళ్ళ పెట్టె తలుపు దగ్గర వేలాడకూడదనీ, మిగతా పెట్టెలన్నీ మగవాళ్ళవి కావనీ చెప్పే తల్లిదండ్రులు ఎందరు?

మర్నాడు క్లాసులో, అందరి ముందూ నవ్వాను గనుక అందరి ముందే, ఆ అమ్మాయితో తప్పు నాదేనన్నాను. ఆ దారిలో వచ్చే ఆడపిల్లలు ఆరుగురు లేచి నిలబడ్డారు. ఇప్పుడు అందరమూ కూడబలుక్కొని ఏడున్నర పాసింజరుకే వస్తున్నాము. ముందు స్టేషనులో ఎక్కేది నేనే కాబట్టి, ఆ అమ్మాయి స్టేషను రాగానే తలుపు దగ్గర నిలబడి చెయ్యి ఊపుతాను. ఆ అమ్మాయి పరుగెత్తుకొని వచ్చి ఎక్కుతుంది. మొదటి పీరియడుకు ఇద్దరమూ వేళకే వెడుతున్నాము.

మొన్న నాకు జ్వరం వచ్చి నాలుగు రోజులు సెలవు పెట్టాను. తిరిగి వెళ్ళిన నాడు మొట్టమొదట చూసింది ఆ అమ్మాయి హాజరు. నాలుగు రోజులూ వేళకే వచ్చింది.