హెరాల్డు కారూ, కంచు ముక్కా

అలిపిరిలో పాదాల మండపం దగ్గర కాసేపు నిలబడి చూడండి. నడిచి కొండెక్కేవారు మెట్లకు పసుపు కుంకుమ పెడుతూ ఒక పక్క, బండ్లలో పోయేవారు తనిఖీకి వరుసకట్టి ఇంకో పక్క. ఆ వరుసలోని కార్ల బానెట్టు ఎత్తితే లోపల నల్లటి ప్లాస్టిక్కు మూత తప్ప ఇంకేమీ కనిపించదు. సొంతదారుకు అక్కడ చేయడానికి పనేమీ లేదు. అద్దం తుడిచే నీళ్లు పోసుకోవడం ఒక్కటే ఆయన పాలిటి మరమ్మతు.

మా ఇంటి కారు అటువంటిది కాదు. అది స్టాండర్డ్ హెరాల్డు. మా నాయన సెకండుహాండులో కొన్నారు. ఆయన పోయాక అది నా పాలికొచ్చింది. అన్నదమ్ములెవరూ పోటీకి రాలేదనుకోండి!

ఈ కారు పుట్టుక చిత్రమైనది. ఇంగ్లండులో స్టాండర్డ్-ట్రయంఫ్ వారు 1959లో ట్రయంఫ్ హెరాల్డును విడుదల చేశారు. దానికి రూపం దిద్దినవాడు మికెలొట్టి అనే ఇటలీ దేశస్థుడు. ఒకే ముద్దగా బాడీ పోతపోసినట్టు చేసే పద్ధతి అప్పటికే వచ్చింది గాని, అటువంటి బాడీలు తయారుచేసి ఇచ్చేవారు వీరికి దొరకలేదు. అంచేత పాతకాలం లారీలకు మల్లే కింద విడిగా ఛాసిస్, దానిమీద ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించిన బాడీ. ఆనాడు లోపమనుకున్నదే ఈనాడు మా బోటివారికి వరం. ఒక రేకు తుప్పుపడితే ఆ రేకొక్కటే విప్పుకోవచ్చు. 1961 నుంచి మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వారు దాన్ని ఇక్కడే తయారుచేశారు. ఇంజను 948 సి.సి. మాత్రమే. నాలుగు తలుపుల హెరాల్డు మన దేశంలో తప్ప మరెక్కడా తయారు కాలేదు.

ఇది స్పోర్ట్సు కారేమిటని నవ్వకండి. ఇంగ్లండులో 1962లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల పందెపు రకం కారుంది చూశారూ, అది హెరాల్డు ఛాసిస్‌ను కురచచేసి కట్టినదే. ముందు చక్రాల అమరిక ఒకటే, వెనక ఇరుసు పద్ధతీ ఒకటే. దొరబాబుకు పల్లెటూళ్లో ఉండిపోయిన పెదనాన్న కొడుకు వంటిది మా బండి. పోలికలు దాగవు, రోగాలూ దాగవు.

హెరాల్డు బానెట్టు ఎత్తడమే ఒక వేడుక. ముందు రేకులు, దీపాలు అన్నీ కలిసి ఒక్కసారిగా ముందుకు వాలిపోతాయి. ముందుచక్రం మీదనే పీట వేసుకున్నట్టు కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. మా నాయన ఆదివారం పూట అలాగే కూర్చునేవారు. ప్లగ్గులు తీసి మసి తుడిచేవారు. కాంటాక్టు పాయింట్ల మధ్య అంగుళంలో వెయ్యింట పదిహేను వంతుల సందు ఉందో లేదో రేకు పెట్టి చూసేవారు. నాకు పక్కనే నిలబడి పానాలు అందించే ఉద్యోగం. తప్పుడు పానా అందిస్తే ఆయన ఏమీ అనేవారు కాదు, చెయ్యి అట్లే చాచి ఉంచేవారు.

ఇక కొండ సంగతి. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో పడింది. పొడవు 19 కిలోమీటర్లు, గుండుసూది వంపులు 36. రెండో రోడ్డు 1974లో వచ్చేదాకా ఎక్కినా దిగినా ఆ ఒక్కటే దారి. ఎక్కడానికి హెరాల్డు భయపడేది కాదు. పాతిక అడుగుల జాగాలో తిరిగిపోయే బండి గనుక పెద్ద కార్లు వెనక్కూ ముందుకూ ఆడే వంపుల్లో ఇది మేకపిల్లలా మళ్లేది. ఎండాకాలంలో మాత్రం పెట్రోలు పంపు వేడెక్కి, లోపలి పెట్రోలు ఆవిరై, బండి నట్టనడుమ ఆగిపోయేది. అప్పుడు మా అమ్మ చెంబులో నీళ్లతో తడిపిన తుండుగుడ్డ పంపుకు చుట్టేది. పది నిమిషాల్లో బండి కదిలేది. ఈ వైద్యం ఈనాటికీ చెల్లుతుంది.

దిగడమే కష్టం. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. కొండ పొడుగునా పెడలు తొక్కుతూ దిగితే డ్రమ్ములు కాగి, చివరికి పెడలు మెత్తబడిపోతుంది. రెండో గేరులో ఇంజనుచేతనే బండిని పట్టి ఉంచాలి. ఇంకొక చిక్కు వెనక చక్రాలది. ఇరుసు రెండు ముక్కలు, అడ్డంగా ఒకే కమాను. వంపులోకి జోరుగా దూరి, హఠాత్తుగా యాక్సిలరేటరు వదిలితే బయటి వెనకచక్రం లోపలికి ముడుచుకుని బండిని పైకెత్తబోతుంది. వంపుకు ముందే వేగం తగ్గించి, వంపులో సన్నగా యాక్సిలరేటరు మీద కాలు ఉంచాలని నాయన చెప్పేవారు. ఆ ఇరుసు మన రోడ్లకు ఆగదని తెలిసే కాబోలు, 1972లో వచ్చిన స్టాండర్డ్ గజెల్‌కు మద్రాసువారు దాన్ని మార్చేశారు.

ఇప్పుడు ఆ బండిని కొండకు తీసుకుపోము. అంత వయసులో దానికా శ్రమ పెట్టకూడదనీ, ఘాట్‌లో ఆగితే వెనకవారందరికీ ఇబ్బందనీ మానుకున్నాం. ఊళ్లోనే తిప్పుతాం. 2021లో కేంద్రంవారు యాభై ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ పెట్టారు గాని, దాంట్లో చేరితే ప్రదర్శనలకూ ర్యాలీలకూ తప్ప రోజువారీగా నడపకూడదు. పూజగదిలో పెట్టుకునే కారు నాకెందుకు? అయిదేళ్లకోసారి పరీక్ష చేయించి మామూలు రిజిస్ట్రేషనే కొనసాగిస్తున్నాను.

ఆ మధ్య మా అమ్మాయి దానిమీదనే డ్రైవింగు నేర్చుకుంది. ఒకనాడు కపిలతీర్థం దాకా పోయివచ్చి, "నాయనా, కుడిపక్కకు తిప్పితే స్టీరింగు బరువుగా ఉంది, పట్టేస్తోంది" అన్నది. పాతబండి, నీ చేతుల్లో బలం చాలదులే అన్నాను. ఊరుకోలేదు. వారం తర్వాత మళ్లీ అదే మాట. సరేనని ఎరిగిన ముసలి మేస్త్రీని పిలిపించాను.

ఆయన జాకీ ఎత్తి, స్టాండు పెట్టి (ఇటుకలమీద బండిని నిలిపి కిందికి దూరేవారు ఇది గమనించాలి, ఇటుక చెప్పకుండా పగులుతుంది), ముందుచక్రం ఊడదీశాడు. చక్రాన్ని మోసే నిలువు ఇనుపకడ్డీ కింది కొసన మరలుంటాయి. ఆ మరలు ట్రనియన్ అనే కంచు ముక్కలోకి దిగి ఉంటాయి. మనం స్టీరింగు తిప్పినప్పుడల్లా కడ్డీ ఆ కంచులో తిరుగుతుంది. బండి ముందుబరువు మోసేది ఆ మరలే. మేస్త్రీ దాన్ని వేలితో తడిమి, వాసన చూసి నావంక చూశాడు.

"దీనికి గ్రీజు పెట్టినోడెవడు సామీ?"

నేనే. గ్రీజుకంటె మేలైనదేముంటుందని నాలుగేళ్లుగా శ్రద్ధగా గ్రీజుగన్నుతో దట్టించాను.

"దీనికి ఆయిలు గదా పోయాల! గ్రీజు పైననే గట్టిపడి నిలిచిపోతాది. అడుక్కి దిగదు. సందులో నీళ్లు చేరి ఇనుము తినేస్తాది."

కడ్డీ విప్పి గుడ్డతో తుడిచాడు. మరల మొదట్లో వెంట్రుకంత చీలిక, దాని చుట్టూ ఎర్రటి తుప్పు. విరిగిందంటే చక్రం బండి కిందికి పడుకుంటుంది. స్టీరింగు ఎవరి చేతిలో ఉన్నా చేయగలిగిందేమీ లేదు. మా అమ్మాయి ఆ కడ్డీని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. నన్నేమీ అనలేదు. అన్నా బాగుండేది.

స్పిట్‌ఫైర్ చుట్టరికం అప్పుడు అక్కరకొచ్చింది. ఆ కార్ల మోజున్నవారు ప్రపంచమంతా ఉండబట్టి ఈ కడ్డీలూ కంచుముక్కలూ ఇంగ్లండులో నేటికీ దొరుకుతున్నాయి. తెప్పించాం. కుడి ఎడమలకు మరలు వేరు వేరు దిక్కుల్లో ఉంటాయి, తారుమారు చేయకూడదు. కంచుముక్కను చివరంటా బిగించి, తర్వాత ఒక చుట్టుకు మించకుండా వదులుచేసి అమర్చాలి. అలా వదలకపోతే చక్రం ఒకపక్కకు పూర్తిగా తిరగదు. తర్వాత 90 నంబరు గేరాయిలు పైనుంచి పొంగేదాకా ఎక్కించాలి. ఆరువేల మైళ్లకోసారన్నది పాత లెక్క. మా బండి అంత తిరగదు గనుక ఉగాదికీ విజయదశమికీ పోస్తున్నాం.

పనిలో పనిగా పెట్రోలు గొట్టాలూ, పంపు లోపలి పొరా మార్చాం. ఇప్పటి పెట్రోలులో కలిసే ఇథనాల్‌కు పాతకాలపు రబ్బరు ఉబ్బి పగులుతుంది. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది గనుక దాన్నీ రెండేళ్లకోసారి మార్చాలని గోడమీద తేదీ రాసి పెట్టాను.

చివరి కంచుముక్కకు ఆయిలు ఎక్కించింది మా అమ్మాయే. ముందుచక్రం మీద కూర్చుని, గన్ను ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి గుడ్డకోసం నావైపు చాచింది. నేను పానా అందించాను. చెయ్యి అట్లే చాచి ఉంచింది.