మూట కట్టిన ప్రోగ్రామ్

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల వెలసిన శిక్షణ సంస్థల బోర్డులే సాఫ్ట్‌వేర్ పరిశ్రమ చరిత్రను చాలావరకు చెబుతాయి: ఒకప్పుడు మెయిన్‌ఫ్రేమ్, ఆ తరువాత జావా, డాట్‌నెట్ అని రాసి ఉన్న చోటనే ఇప్పుడు డెవాప్స్, డాకర్, క్యూబర్‌నెటిస్ అన్న పేర్లు కనిపిస్తున్నాయి. రాసిన ప్రోగ్రామును నలుగురూ వాడుకునేలా సర్వరుపైకి ఎక్కించి నడిపించడాన్ని డిప్లాయ్‌మెంట్ అంటారు; ఈ కొత్త కోర్సులు ఎక్కువగా ఆ పని చుట్టూ తిరిగేవే.

శిక్షణ సంస్థ ల్యాబులో చక్కగా నడిచిన ప్రోగ్రామ్ పంజాగుట్ట హాస్టల్‌లోని ల్యాప్‌టాప్‌పై మొరాయిస్తే, తప్పు తరచుగా కోడ్‌ది కాదు. అది ఆధారపడే లైబ్రరీలు, అంటే ఇతరులు ముందే రాసిపెట్టిన కోడ్, రెండు చోట్లా వేర్వేరు వెర్షన్లలో ఉండటమే కారణం. కావలసిన సరంజామాతో సహా ప్రోగ్రామును మూట కట్టడం దీనికి విరుగుడు. ఆ మూట ఇమేజ్. అది నడుస్తున్నప్పుడు కంటైనర్. 2013 మార్చిలో సాలమన్ హైక్స్ అమెరికాలో పైథాన్ ప్రోగ్రామర్ల సమావేశంలో చూపిన డాకర్ ఈ పద్ధతిని సామాన్య ప్రోగ్రామర్లకు అందుబాటులోకి తెచ్చింది. ఒక కంప్యూటర్‌లో మరో పూర్తి కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ మెషీన్ సొంత వంటిల్లున్న ఫ్లాటు వంటిదైతే, కంటైనర్లు హాస్టల్ గదుల వంటివి: గదులు వేరు, వంటిల్లు ఒకటే. ఆ వంటిల్లే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నెల్.

ఈ రాత్రి భోజనానికి ఎందరుంటారో లెక్కగట్టే హాస్టల్ మెస్ యాప్‌ను ఉదాహరణగా తీసుకుంటే, మూట కట్టే విధానం డాకర్‌ఫైల్ అనే చిన్న ఫైలులో వరుసగా ఉంటుంది: పునాది ఇమేజ్, లైబ్రరీల జాబితా, వాటి ఇన్‌స్టలేషన్, ఆ తరువాతే సొంత కోడ్. ఈ వరుసకు అర్థముంది. ఒక్కొక్క మెట్టు ఒక్కొక్క పొరగా భద్రమవుతుంది కనుక, కోడ్‌లో ఒక అక్షరం మారినప్పుడు లైబ్రరీలన్నీ మళ్లీ దిగవలసిన అవసరం ఉండదు.

కొత్తవారు తడబడేది పోర్టు, అంటే పిలుపులు వచ్చే నంబరున్న ద్వారం దగ్గర. సర్వరులోని 80వ పోర్టును కంటైనర్‌లోని 8080కి కలిపినా పేజీ తెరుచుకోకపోతే, యాప్ 127.0.0.1 చిరునామాపై, అంటే గది లోపలి పిలుపులకు మాత్రమే పలుకుతున్నదేమో చూడాలి, దానిని 0.0.0.0గా మారిస్తే బయటి పిలుపులూ వినిపిస్తాయి.

యాప్‌ను నడపడానికి అద్దె సర్వరు కావాలంటే దూరం పోనక్కరలేదు, 2022 నవంబరులో అమెజాన్ వెబ్ సర్వీసెస్ హైదరాబాద్ రీజియన్‌ను ప్రారంభించింది. అయితే వందల కంటైనర్లను అదుపు చేయడానికి పనికివచ్చే క్యూబర్‌నెటిస్‌ను ఒక్క మెస్ యాప్‌కు వాడటం పిచ్చుకపై బ్రహ్మాస్త్రమే. కోర్సు పేరు ఘనంగా ఉండటం వేరు, అవసరం వేరు.

కంటైనర్‌ను తొలగిస్తే దానిలో రాసుకున్న లెక్కలూ పోతాయి కాబట్టి, డేటాను వాల్యూమ్ అనే బయటి నిల్వలో ఉంచాలి. పాస్‌వర్డుల సంగతి దీనికి తలకిందులు: ఇమేజ్‌లో ఒక పొరలో చేరిన పాస్‌వర్డును తరువాతి పొరలో చెరిపినా, కింది పొరలో అది అలాగే ఉంటుంది.