బహుళ వేదికల ప్రత్యక్ష ప్రసారం: వెబ్‌క్యామ్ శ్రమ

వయోజనుల వెబ్‌క్యామ్ ప్రదర్శన కొలంబియా, రుమేనియా దేశాల్లో స్టూడియోలతో నడిచే పరిశ్రమ. అక్కడి ప్రదర్శకురాలు ఒకేసారి మూడు సైట్లలో ఎందుకు ప్రసారం చేస్తుంది? ఒక సైటు ఆమె ఖాతాను మూసివేసినా ఆదాయం పూర్తిగా ఆగిపోకూడదని.

సెకనుకు 5 మెగాబిట్ల వీడియోను మూడింటికీ విడివిడిగా పంపాలంటే 15 మెగాబిట్ల అప్‌లోడ్ వేగం కావాలి. మధ్యలో రిలే సర్వర్ ఉంటే 5 చాలు. మూడు చోట్లకూ పంపే పని అదే చూసుకుంటుంది.

అయితే ఒక సైటులో ప్రేక్షకుడు డబ్బు చెల్లించి ఏకాంత ప్రదర్శన కోరితే, మిగతా రెండు ప్రసారాలను ఆమె వెంటనే ఆపాలి. లేకుంటే అతడు కొన్నదాన్ని ఇతరులు ఉచితంగా చూస్తారు. ఆపితే అక్కడి ప్రేక్షకులు వెళ్లిపోతారు. మూడు చోట్ల వచ్చే సందేశాలకు జవాబివ్వవలసిందీ ఆమే. వేదికలతోపాటు ఈ శ్రమ కూడా పెరుగుతుందని గమనించండి. దానికి విడిగా వేతనం ఉండదు.